గాదె మీంచి వచ్చే ఇంటర్నెట్: పశ్చిమ కాన్సస్‌లో మూడేళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, కంపెనీ పేరు రాయడం లేదు. దాచాలని కాదు. వాళ్ళు పశ్చిమ కాన్సస్‌లో మూడంటే మూడు కౌంటీల్లోనే కనెక్షన్ ఇస్తారు. మొత్తం ఆరుగురు స్టాఫ్. అందులో ఫోన్ ఎత్తే ఆవిడే బిల్లులు కూడా రాస్తుంది. డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో కూర్చుని చదివేవాళ్ళకి ఆ పేరుతో పనిలేదు. కానీ ఇలాంటి చిన్న కంపెనీలు అమెరికా పల్లెల్లో చాలాచోట్ల ఉన్నాయి. వాటి సంగతి మనవాళ్ళకి తెలియక, నాలాగే నెలల తరబడి డబ్బు తగలేసుకుంటున్నారు. ముఖ్యంగా జె-1 వెయివర్ (వీసా షరతు నుంచి మినహాయింపు) మీద పల్లెలకి వెళ్ళే డాక్టర్ల ఇళ్ళల్లో, వెనకాల లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళే మొగుళ్ళో పెళ్ళాలో ఉంటారే, వాళ్ళ కోసం ఇది.

మా ఆవిడ డాక్టరు. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్ళు అయితే రెండేళ్ళు ఇండియాకి వెళ్ళి రావాలి, లేదంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేయాలి. కాన్రాడ్ 30 అంటారు, రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే. తనకి కాన్సస్‌లో 25 పడకల ఆసుపత్రిలో వచ్చింది. 2022 జూలైలో సామాన్లతో దిగాం. నాది సాఫ్ట్‌వేర్, న్యూజెర్సీ క్లయింటు. ఇంటి నుంచి పనికి మేనేజర్ ఒప్పుకున్నాడు. హెచ్-1బి కాబట్టి ఊరు మారినందుకు లాయర్లు కొత్త ఎల్‌సీఏ, అమెండ్‌మెంట్ అంటూ వీసా కాగితాలన్నీ వేశారు. ఇన్ని కాగితాలు సంతకం పెట్టిన నేను, ఆ ఇంట్లో ఇంటర్నెట్ వస్తుందా అని మాత్రం ఎవర్నీ అడగలేదు. అమెరికాలో ఇంటర్నెట్ లేని ఇల్లు ఉంటుందని నా ఊహలో లేదు మరి.

ఊళ్ళో అద్దె ఇళ్ళు లేవు. ఆసుపత్రివాళ్ళే చూసిపెట్టిన ఫామ్‌హౌస్, ఊరికి ఆరు మైళ్ళు. చుట్టూ గోధుమ, జొన్న. కనుచూపు మేరలో ఇంకో ఇల్లు ఒకటే. కోనసీమలో పుట్టినవాణ్ణి, నాలుగు కొబ్బరిచెట్ల మధ్య తప్ప ఆకాశం చూడనివాణ్ణి. ఇంత ఆకాశం ఒకేసారి కనిపించేసరికి మొదటి వారం కళ్ళు తిరిగాయి. ఉత్తరాన, పడమరన మాత్రం ఇంటిని ఆనుకుని చెట్ల వరుస ఉంది. ఆ చెట్ల గురించి తర్వాత చెబుతాను, ఈ కథలో విలన్లు అవే.

మొదట పెట్టించింది ఫోన్ లైన్ మీద వచ్చే డీఎస్‌ఎల్. రాగి తీగ మీద దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ చచ్చిపోతుంది. మాది ఆ తీగకి దాదాపు చిట్టచివరి ఇల్లు. వచ్చింది 3 ఎంబీపీఎస్. వెళ్ళేది ఒకటి కూడా కాదు. ఉదయం 8 గంటల స్టాండప్ మీటింగులో నా గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉందని టీమ్‌లో జోకులు. ఇంటికి వీడియో కాల్ చేస్తే అమ్మ "ఏరా, అలా బొమ్మలా కూర్చున్నావేం, ఒంట్లో బాగోలేదా?" అని కంగారుపడేది. అటు నాన్నకేమో ఫైబర్‌నెట్! 2017లో ఆంధ్రలో 149 రూపాయలకి టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి మొదలుపెట్టినప్పుడు, కరెంటు స్తంభాల మీంచే తీగ లాగి మా ఊరికి ఇచ్చారు. కాలవ గట్టున నాన్న మొహం అద్దంలా కనపడుతుంటే, కాన్సస్‌లో నా మొహం గడ్డకట్టేది. "అమెరికా అంటివి" అని ఆయన ఒక్కసారే అన్నాడు. అది చాలు.

రెండోది పాతకాలం శాటిలైట్ ఇంటర్నెట్. పేరెందుకులెండి. గోడకి డిష్, రెండేళ్ళ కాంట్రాక్టు, మధ్యలో మానేస్తే జరిమానా. ఆ ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల పైన ఉంటుంది. మనం ఒక బటన్ నొక్కితే మాట పైకి వెళ్ళి కిందికి రావాలి, జవాబు మళ్ళీ పైకెక్కి కిందికి రావాలి. అంటే 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో పోయినా దానికే దాదాపు అర సెకను. మిగతావన్నీ కలిపితే నాకు 650 మిల్లీసెకన్ల దగ్గర పింగ్ (అంటే మాట వెళ్ళి జవాబు రావడానికి పట్టే సమయం) చూపించేది. స్పీడ్ టెస్టులో 25 ఎంబీపీఎస్ అని వస్తుంది, చూసి మురిసిపోతాం. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే దారి) వేసి సర్వర్‌లో టైప్ చేస్తే ఒక్కో అక్షరం సావకాశంగా ప్రత్యక్షమవుతుంది. మీటింగులో నేను మాట్లాడటం మొదలుపెట్టేసరికి ఇంకొకరు మొదలుపెట్టేసేవారు. ఇద్దరం ఆగేవాళ్ళం, మళ్ళీ ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళం. నెలకి 100 జీబీ దాటితే స్పీడ్ తగ్గించేస్తారు, 19వ తారీఖుకల్లా దాటిపోయేది.

నా మీటింగులు పోతే పోయాయి. నవంబరులో ఓ రాత్రి మా ఆవిడ ఆన్‌కాల్. రెండు గంటలకి ఎమర్జెన్సీ నుంచి ఫోన్, స్కాన్ చూడమని. ఇంట్లోంచి వీపీఎన్‌లో తెరవాలి. తెరిస్తే బూడిదరంగు చదరాలు ఒక్కొక్కటీ నింపుకుంటూ వస్తోంది. నాలుగు నిమిషాలు చూసి, నైట్ డ్రెస్ మీదే కోటు వేసుకుని కారు తీసింది. మంచు పడుతోంది. రోడ్డు మీదికి జింకలు వస్తాయి. తను ఆసుపత్రి చేరి ఫోన్ చేసేదాకా నేను వంటింట్లో నిలబడే ఉన్నాను. ఆ పొద్దున్నే ఇంటి ఓనరమ్మ గారికి ఫోన్ చేసి ఇల్లు మారతాం అని చెప్పాను.

ఓనరమ్మకి 80 ఏళ్ళు. ఊళ్ళో కూతురి దగ్గర ఉంటుంది. నా గోడంతా విని, "ఎలివేటర్ వాళ్ళని అడిగావా?" అంది. లిఫ్ట్ రిపేరు వాళ్ళకీ మన ఇంటర్నెట్‌కీ ఏం సంబంధం, పెద్దావిడ చాదస్తం అనుకున్నాను. ఆవిడ చెప్పింది గ్రెయిన్ ఎలివేటర్ గురించి. కాన్సస్ పశ్చిమాన ఏ ఊరికి వెళ్ళినా దూరం నుంచి ముందు కనపడేది అదే: సిమెంటుతో కట్టిన, వరసగా అంటించిన గొట్టాల్లాంటి గాదెలు. మనకి గోపురం ఎలాగో వాళ్ళకది అలాగ. మా ఊరిది 120 అడుగులు పైమాటే. ఎంతో డబ్బు పోసి టవర్ కట్టుకోలేని చిన్న కంపెనీలు ఆ గాదెల నెత్తిన, వాటర్ ట్యాంకుల నెత్తిన యాంటెన్నాలు పెట్టుకుంటాయి. అక్కడి నుంచి ఇళ్ళకి గాలిలోనే సిగ్నల్. ఫిక్స్‌డ్ వైర్‌లెస్ అంటారు. మొబైల్ సిగ్నల్‌లా ఊరంతా పరచుకునేది కాదిది. గాదె మీది యాంటెన్నాకి మన ఇంటి యాంటెన్నా ఎదురెదురుగా కనపడాలి. కనపడితే ఉంది, లేకపోతే లేదు, అంతే.

ఇంటర్నెట్‌లో వెతికితే వీళ్ళు నాకెందుకు దొరకలేదంటే, జిప్ కోడ్ కొడితే పెద్ద కంపెనీల ప్రకటనలే వస్తాయి. వీళ్ళ వెబ్‌సైటులో ఫోన్ నంబరు, ఒక ట్రాక్టర్ బొమ్మ తప్ప ఏమీ ఉండవు. అప్పటి ప్రభుత్వ లెక్క కూడా అలాగే ఉండేది. ఒక సెన్సస్ బ్లాకులో (జనాభా లెక్కల కోసం గీసుకున్న ముక్క) ఒక్క ఇంటికి ఇవ్వగలిగితే బ్లాకంతటికీ ఇంటర్నెట్ ఉన్నట్టే రాసుకునేవారు. పల్లెల్లో ఒక్కో బ్లాకు మైళ్ళకి మైళ్ళు ఉంటుంది. 2022 నవంబరులో ఎఫ్‌సీసీ (అమెరికాలో ఫోను, ఇంటర్నెట్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ సంస్థ) కొత్త మ్యాప్ పెట్టింది, అందులో ఇంటింటికీ చుక్క ఉంటుంది. ఇల్లు ఒప్పుకునే ముందు ఆ చుక్క నొక్కి చూడండి. అందులో రాసింది తప్పయితే ఛాలెంజ్ చేయొచ్చు కూడా. నేను చేశాను.

2023 జనవరిలో ఆ గాదె కంపెనీ టెక్నీషియన్ వచ్చాడు. అరవై దాటిన పెద్దాయన, పికప్ ట్రక్కులో కుక్క. ఇల్లెక్కి బైనాక్యులర్స్‌తో వాయవ్యం వైపు చూసి, "కనపడుతోంది, కాఫీ ఉందా?" అన్నాడు. ఫిల్టర్ కాఫీ ఇచ్చాను. రెండో గ్లాసు అడిగి తాగాడు. కప్పు మీద చిన్న గొట్టం బిగించి, పళ్ళెమంత యాంటెన్నా పెట్టి, ఇంట్లోకి ఒకే కేబుల్ దించాడు. కరెంటు పైకి వెళ్ళేదీ డేటా కిందికి వచ్చేదీ అందులోనే. ఫిట్టింగుకి 150 డాలర్లు, నెలకి 75. వచ్చేది 50, వెళ్ళేది 10 ఎంబీపీఎస్. డేటా పరిమితి లేదు, కాంట్రాక్టు లేదు. పింగ్ చూస్తే 22. ఏదో తప్పు చూశానేమో అని మళ్ళీ కొట్టాను. 21.

ఇక్కడితో ఆపేస్తే అయిదు నక్షత్రాలు ఇచ్చి వెళ్ళిపోవాలి. కానీ ఏప్రిల్ వచ్చింది.

ఏప్రిల్ ఆఖరి వారంలో స్పీడ్ 45 నుంచి 30కి, అక్కడి నుంచి 12కి, మే మొదట్లో 4కి దిగింది. కంపెనీ ఆవిడ రౌటర్ ఆపి వేయమంది, వేశాను. కేబుల్ మార్చారు. లాభం లేదు. పెద్దాయన మళ్ళీ వచ్చి, మెట్ల మీద కూర్చుని, చెట్ల వైపు చూసి నవ్వాడు. "జనవరిలో నేనే పప్పులో కాలేశాను" అన్నట్టుగా ఏదో అన్నాడు. సంగతేమిటంటే, ఆ చెట్ల వరుసలో పొట్టిగా ఉన్నవి సీడార్లు, వాటి వెనక ఎత్తుగా ఉన్నవి సైబీరియన్ ఎల్మ్‌లు. ఎల్మ్ చలికాలంలో మోడు. కొమ్మల మధ్యలోంచి ఎలివేటర్ కనపడింది. ఏప్రిల్‌లో చిగురేసింది, ఆకంటే నీళ్ళు, సిగ్నల్‌ని నీళ్ళు మింగేస్తాయి. ఫిట్టింగుకి ఎవరొచ్చినా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఈ చెట్టుకి ఆకులొస్తే ఏమవుతుంది?

కొట్టేద్దామా అంటే, ఓనరమ్మ ఫోన్‌లోనే గట్టిగా వద్దంది. ఆ చెట్లు వాళ్ళ నాన్న నాటినవి. 1930ల్లో దుమ్ము తుఫానులతో పొలాలు ఎగిరిపోతుంటే, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నార్త్ డకోటా నుంచి టెక్సాస్ దాకా గాలికి అడ్డంగా చెట్ల వరుసలు నాటించింది. 1942 నాటికి 20 కోట్లకు పైగా చెట్లు. అందులోవి ఇవీ. "ఇంటర్నెట్ లేకుండా 80 ఏళ్ళు బతికాను, ఆ చెట్లు లేకపోతే ఈ ఇల్లే ఉండేది కాదు" అంది. మారు మాట్లాడలేదు నేను. ఆవిడే మళ్ళీ ఉపాయం చెప్పింది: చెట్ల అవతల పశువులకి నీళ్ళు తోడే పాత గాలిమర ఉంది కదా, దాని మీద పెట్టుకోండి అని.

రెక్కలు ఎప్పుడో ఊడిపోయాయి, ఇనప నిచ్చెన లాంటి టవర్ మాత్రం గట్టిగా ఉంది. ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్లు దాటితే పనిచేయదు. కొలిస్తే ఇంటి నుంచి 83. ఓనరమ్మ మనవడు ట్రెంచర్ తెచ్చి గంటలో కాలవ తీశాడు. ఎలుకలు కొరక్కుండా ప్లాస్టిక్ గొట్టంలో కేబుల్ వేసి పూడ్చాం. గొట్టానికి, కేబుల్‌కి నాకైన ఖర్చు 140 డాలర్లు. పెద్దాయన టవర్ ఎక్కి యాంటెన్నా బిగించి, చేతి కూలీ ఇంకో కాఫీ అన్నాడు. కంపెనీ ఒక్క డాలరు కూడా బిల్లు వేయలేదు. ఆ రోజు నుంచి మేము వదిలేదాకా చెట్ల బాధ లేదు.

చెట్ల బాధ లేదన్నాను, వేరే బాధలు లేవని కాదు. రాత్రి 7 నుంచి 10 దాకా 20, 25 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. ఎలివేటర్ నుంచి వచ్చే సిగ్నల్ అందరం పంచుకోవాలి కదా, కౌంటీ అంతా అప్పుడే టీవీ ముందు కూర్చుంటుంది. మాకు ఒక సినిమా, ఒక వీడియో కాల్ ఒకేసారి నడిచేవి. మూడోది మొదలుపెడితే ఎవరో ఒకరు కేకేసేవారు. 2023 జూన్‌లో ఒక పిడుగుకి యాంటెన్నాకి కరెంటిచ్చే అడాప్టర్ మాడిపోయింది. సరిగ్గా గోధుమ కోతల్లో. కోతలప్పుడు ఎలివేటర్ ముందు లారీల బారు మైలు దాకా ఉంటుంది. గోధుమ దుమ్ముకి నిప్పురవ్వ తగిలితే పేలిపోతుంది కాబట్టి ఆ రోజుల్లో పైకి ఎవర్నీ ఎక్కనివ్వరు. అదృష్టం, పోయింది మా వైపు డబ్బాయే. ఫోన్ చేస్తే "రేపు కాదు, ఎల్లుండి" అన్నారు, ఎల్లుండే వచ్చారు. పల్లెలో ఇంత కచ్చితంగా మాట నిలబెట్టుకునే సర్వీసు నేను చూడలేదు. ఆ తర్వాత ఒక అడాప్టరు అదనంగా కొని గరాజ్‌లో పెట్టుకున్నాను. గాలికి యాంటెన్నా పక్కకి తిరిగింది రెండుసార్లు. కాన్సస్ గాలి గురించి చెప్పక్కర్లేదు, చెత్తడబ్బా పక్క పొలంలో దొరుకుతుంది ఒక్కోసారి. జనవరి మంచులో యాంటెన్నాకి గడ్డకట్టి పూటంతా పోయింది ఒకసారి. వానకి మాత్రం ఎప్పుడూ పోలేదు.

మరి స్టార్‌లింక్ సంగతేంటి అని అడుగుతారు. అడగాలి కూడా. రోడ్డవతలి రైతు 2023లో పెట్టించాడు. వాళ్ళు కొలరాడో వెళ్ళిన వారం, కుక్కకి అన్నం పెట్టే పని నాది. ఆ వంకతో వాళ్ళ షెడ్డులో కూర్చుని వారమంతా ఆఫీసు పని చేశాను. దాని ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి పాత శాటిలైట్ లాంటి నత్తనడక కాదు. నాకు పింగ్ 40 దగ్గర, స్పీడ్ మా దానికి రెట్టింపు పైనే చూపించింది. వీపీఎన్ హాయిగా నడిచింది. ఎలివేటర్ కనపడాల్సిన పని లేదు, తలమీద ఆకాశం కనపడితే చాలు. ఫోన్ కెమెరాతో ఆకాశాన్ని చూపిస్తే చెట్లు అడ్డొస్తాయో లేదో యాప్ ముందే చెబుతుంది. మా ఎల్మ్ గొడవ అలాంటి యాప్ ఉంటే జనవరిలోనే తేలిపోయేది. పళ్ళెం ధర అప్పట్లో 599 డాలర్లు, నెలకి మా దానికంటే ఎక్కువ. 2022లో దిగినప్పుడు నాకు గాదె సంగతి తెలియకుండా దీని సంగతి తెలిసి ఉంటే కళ్ళు మూసుకుని ఇదే తీసుకునేవాణ్ణి. మీ దగ్గర ఎలివేటర్ కంపెనీ లేకపోయినా, గుట్ట అడ్డొచ్చినా ఇదే తీసుకోండి, ఆలోచించకండి. నేను మారకపోవడానికి కారణం డబ్బు సగం. మిగతా సగం, ఫోన్ చేస్తే ఎత్తే ఆవిడ.

2024 మార్చిలో ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్‌కి కొత్త కొలత పెట్టింది. వచ్చేది 100, వెళ్ళేది 20 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్. అంతకుముందు 25, 3 ఉండేది. అంటే జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అయిన మా 50, 10 మార్చికి కాకుండా పోయింది, ఇంట్లో ఏ తేడా రాకుండానే. అంకె పెంచడం మంచిదే, పల్లెలకి ఫైబర్ రావాలంటే ఎవరో ఒకరు ఆ అంకె పట్టుకుని కూర్చోవాలి. కానీ ఇల్లు వెతుక్కునేవాళ్ళు మాత్రం వచ్చే స్పీడ్ ఒక్కటే చూసి మోసపోకండి. మా పాత శాటిలైట్ 25 చూపించేది, పనికి మాత్రం అక్కరకి రాలేదు. ముందు పింగ్ చూడండి, తర్వాత వెళ్ళే స్పీడ్, ఆ తర్వాత పాడైతే ఎన్నాళ్ళకి వస్తారో అడగండి. వచ్చే స్పీడ్ నాలుగోది. 2024 అక్టోబరు నుంచి చిన్న కంపెనీలు కూడా ధర, స్పీడ్, పింగ్ అన్నీ ఒక చీటీలో రాసి చూపించాలి, బిస్కెట్ పాకెట్ వెనక ఉండే పట్టిక లాగా. అడిగి తీసుకోండి.

ఓనరమ్మ ఒకసారి గాలిమర చూడటానికి వచ్చింది. ఈ ఇంటికి కరెంటు 1949లో వచ్చిందట, ఆవిడకి ఆరేళ్ళు. కరెంటు కంపెనీలు మైలుకి రెండిళ్ళ కోసం తీగ లాగం అంటే, రైతులే తలా కొంత వేసుకుని సహకార సంఘం పెట్టుకున్నారు. 1936 చట్టం కింద ప్రభుత్వం అప్పిచ్చింది. ఆ సంఘం ఇప్పటికీ ఉంది, మా కరెంటు బిల్లు దాని పేరే. "మొదటిరోజు రాత్రి మా అమ్మ బల్బు ఆర్పనివ్వలేదు" అంది. నేను 21 పింగ్ చూసుకుని మళ్ళీ కొట్టిన రాత్రి గుర్తొచ్చి, చెబితే నవ్వుతుందేమో అని చెప్పలేదు.

రేటింగ్ అడిగితే అయిదుకి నాలుగు. సాయంత్రం స్పీడ్‌కి అర, జనవరిలో ఆకులు మర్చిపోయినందుకు అర తీశాను. ఆ నవంబరు తర్వాత ఆన్‌కాల్ రాత్రుల్లో స్కాన్ తెరుచుకోక మా ఆవిడ కారు తీయాల్సి రాలేదు. రోగి కోసం వెళ్ళింది, అది వేరు.

2025 జూలైలో మూడేళ్ళు నిండాయి. ఇల్లు ఖాళీ చేశాం. మా తర్వాత వచ్చేదీ డాక్టరమ్మ కుటుంబమే అని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. కనెక్షన్ వాళ్ళ పేరుకి మార్చమని ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫ్రిజ్ మీద చీటీ అంటించి వచ్చాను: అదనపు అడాప్టరు గరాజ్‌లో ఎడమవైపు రెండో అరలో ఉంది. కేబుల్ గాలిమర దాకా తిన్నగా పూడ్చి ఉంది, తోట తవ్వేముందు చూసుకోండి. స్పీడ్ తగ్గితే ముందు యాంటెన్నా ఎలివేటర్ వైపే చూస్తోందో లేదో కింద నుంచి చూడండి. టవర్ మీరు ఎక్కొద్దు, పెద్దాయన్ని పిలవండి. కాఫీ చిక్కగా ఇవ్వండి.